బూడిదరంగు ముసుగు

ఉదయం 6:40కి అలారం మోగింది. ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి 7:15.

శవం గడ్డి మీద వెల్లకిలా పడి ఉంది. ఒంటి మీద పాదాల దాకా బూడిదరంగు కోటు. తలకి బూడిదరంగు ముసుగు. ముసుగుకి ముందు పొడుగాటి ముక్కు, చెరో పక్కా ఒక గాజు కన్ను. మనిషి చచ్చాడో పక్షి చచ్చిందో ఒక క్షణం ఆమెకి అర్థం కాలేదు.

అసలు పక్షి లోపలి బోనులో, నల్లద్దం వెనక ఉంది. ఎనిమిదడుగుల ఎత్తు. ఎగరలేదు. కాళ్లు మాత్రం గునపాల్లా ఉన్నాయి.

"పేరు చిన్నారి అమ్మా," అన్నాడు వాచ్‌మన్.

"ఇదా చిన్నారి?"

"పేరు పెట్టిన రోజున అరచేతిలో పట్టేది."

మూడు వందల ఏళ్ల కిందట ఆ జాతిలో ఆఖరి పక్షి చచ్చిపోయింది. ఆరేళ్ల కిందట ఈ లాబ్‌లో మళ్లీ మొదటిది పుట్టింది. తల్లి లేదు. తండ్రి లేదు. ఓ ఎముక ముక్క, ఓ గాజు గిన్నె, అంతే దాని పుట్టిల్లు.

"మనుషులకి అలవాటు పడకూడదు మేడం," అన్నాడు డైరెక్టర్. "గుడ్డు పగిలిన రోజు నుంచీ దానికి కనబడింది ఆ ముసుగు ఒక్కటే. దాని దృష్టిలో అదే తల్లి. ఆ నల్లద్దంలోంచి మనం దానికి కనబడం. లోపలికెళ్లాక ఎవరూ మాట్లాడరు. తుమ్మరు కూడా."

"తుమ్మొస్తే?"

"బయటికొచ్చి తుమ్ముతారు."

చనిపోయింది దాన్ని సాకిన పెద్దాయన. అందరూ అలాగే పిలుస్తారు. అక్కడే పశువుల డాక్టరుగా పనిచేస్తున్న డాక్టరమ్మ ఆయన కూతురు. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఉద్యోగిని చంపిన జంతువు ప్రమాదకరం," అన్నాడు డైరెక్టర్ వాచీ చూసుకుంటూ. "రూల్ అది. పన్నెండింటికి ఇంజెక్షన్."

అప్పుడే చిన్నారి మెడ వంచి, అద్దం కింది సందులోంచి ఆ ముసుగు వైపు చూస్తూ సన్నగా కూసింది. మొదటి రోజు బడి గేటు మూసేశాక పసిపిల్లలు ఏడ్చే ఏడుపు లాంటి కూత.

ఇన్‌స్పెక్టర్‌కి ముగ్గురు పిల్లలు. ఆ ఏడుపు ఆమెకి తెలుసు. దీనికింకా అయిదు గంటల కన్నా తక్కువే టైముంది అనుకుంది.

8:20కి ఫొటోలు అయ్యాయి. కానిస్టేబుల్ ముసుగు తీశాడు. తెల్లని గడ్డం. కళ్లద్దాలు. కోటు గుండీలు మెడ దాకా సరిగ్గా పెట్టి ఉన్నాయి. కోటు విప్పితే లోపలి చొక్కా వీపుకి గడ్డిపరకలు. పోలీసు డాక్టర్ చెప్పిన మాట ఒక్కటే. "ఒకటే తన్ను. ఛాతీ మీద. ఆ వెంటనే ప్రాణం పోయింది."

9:10. వాచ్‌మన్.

"పెద్దాయన ఎన్నింటికొచ్చాడు?"

"6:05కి. ఇవాళ ఆయన ఆఖరి డ్యూటీ అమ్మా. అరవై నిండాయి."

"ఏమన్నాడు?"

"'ఒరేయ్, ఆరేళ్లు పెంచాను. నేనెవరో దానికి తెలీకుండానే పోతున్నానురా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"తర్వాత?"

"లోపలికెళ్లాడు. 6:20కి డాక్టరమ్మ వచ్చింది."

తలుపు పక్కన ముసుగులు తగిలించే రెండు కొక్కేలున్నాయి. వాటి కింద ఒక చిన్న మేకు. ఖాళీగా ఉంది.

"ఇదేంటి?"

"పెద్దాయన కళ్లద్దాలకమ్మా. ముసుగులో పట్టవు, ఆవిరి పట్టేస్తుంది. ఇక్కడ తగిలించి వెళ్తాడు. ఆ ముసుగేసుకుంటే సగం గుడ్డివాడే అని మేమంతా ఏడిపించేవాళ్లం."

9:40. డైరెక్టర్.

"నిన్న మీరూ పెద్దాయనా గొడవ పడ్డారట?"

"పడ్డాం. రిటైరయ్యాక కూడా రోజూ వస్తానన్నాడు. కుదరదన్నాను. ఆయన పుట్టించాడా, నేను పుట్టించానా?"

"పుట్టించింది మీరే. పెంచిందెవరు?"

డైరెక్టర్ మళ్లీ వాచీ చూసుకున్నాడు.

10:10. డాక్టరమ్మ ఫోన్ పట్టుకుని వరండాలో కూర్చుని ఉంది.

"ఎవరికమ్మా ఫోను?"

"పై కమిటీకి. దీన్ని చంపొద్దు, దూరంగా ఎక్కడైనా కంచె కట్టి ఉంచండి అని అడిగాను. పన్నెండు లోపల చెబుతామన్నారు."

"నువ్వొచ్చింది 6:20కి. అలారం కొట్టింది 6:40కి. మధ్యలో ఏం చేశావు?"

"నాడి చూశాను."

"ఇరవై నిమిషాలా?"

ఆమె తల ఎత్తింది. "మేడం, ఇవాళ ఒక్కరోజు మీరు ఏమీ కనిపెట్టకపోతే ఎవరికైనా నష్టమా?"

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ ప్రశ్న అడిగినవాళ్లంతా ఏదో ఒకటి దాచినవాళ్లే. నాకింతకన్నా సాక్ష్యం అక్కర్లేదు అనుకుంది ఇన్‌స్పెక్టర్. అంతటితో ఆగలేదు. ఈ నిజం బయటపెడితే పక్షి బతుకుతుంది అని కూడా అనుకుంది.

11:30కి అందర్నీ బోను ముందు గదిలో కూర్చోబెట్టింది.

"పెద్దాయన ముసుగేసుకుని లోపలికెళ్లలేదు," అంది.

డైరెక్టర్ వాచీ మీంచి తల ఎత్తాడు.

"గడ్డి చొక్కాకి అంటింది, కోటు కింద. అంటే ఆయన పడ్డాకే కోటు తొడిగారు. కళ్లద్దాలు ఆయన మొహం మీదే ఉన్నాయి. ముసుగేసుకునే రోజున ఆయన కళ్లద్దాలు మేకుకే తగిలిస్తాడు. ఇవాళ మేకు ఖాళీ. ఎందుకు? ఆయన దాన్ని కళ్లారా చూడాలనుకున్నాడు. అది తనని చూడాలనుకున్నాడు. ఆఖరి రోజు కదా. మొహం చూపించాడు."

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"ఆ పక్షి పుట్టి బుద్ధెరిగాక మనిషి మొహం చూడలేదు. బెదిరింది. తన్నింది. ఆయన పడ్డాడు, కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి. తర్వాత కూతురొచ్చింది. పక్షిని లోపలి బోనులోకి తోలింది. కోటు తొడిగింది. ముసుగు పెట్టింది. అంతా సరిగ్గా చేసింది. ఒక్క దగ్గర పొరపడింది. కళ్లద్దాలు గడ్డిలో కనబడ్డాయి. ఉద్యోగి అయితే మేకుకి తగిలించేది. కూతురు కాబట్టి నాన్న మొహానికి పెట్టింది."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది.

"కాబట్టి డైరెక్టర్ గారూ, తప్పు పక్షిది కాదు. రూల్ తప్పింది మనిషి. ఇంజెక్షన్ ఆపండి."

డైరెక్టర్ లేచి నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు. అందుకే ఆమెకి భయం వేసింది.

"దీనికి ఇంకో రూల్ ఉంది మేడం. మనిషి మొహం చూసిన పక్షి పనికిరాదు. దాన్ని అడవికి వదలకూడదు, దాని దగ్గర కొత్త పిల్లల్ని పెట్టకూడదు. అలాంటిదాన్ని ఉంచరు. దానికి కమిటీ లేదు, అప్పీలు లేదు." ఫోన్ తీశాడు. "కమిటీకి చెప్పేస్తాను. వాళ్లు ఇంక ఆలోచించనవసరం లేదని."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యి మీద కూతురు కమిటీ అనే చిన్న పలక వేసింది. ఇన్‌స్పెక్టర్ తన చేత్తో ఆ పలక లాగేసింది.

"ఆగండి. నేనింకా రిపోర్టు రాయలేదు."

"నేను విన్నాను మేడం. గదిలో ఉన్నవాళ్లంతా విన్నారు."

ఆమె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఈ ముక్క పొద్దున్నే నాతో చెప్పి ఉంటే అయిపోయేది కదమ్మా!"

"పోలీసులతోనా? మీరు వదిలేసేవారా మేడం?"

ఇన్‌స్పెక్టర్ వదిలేసేది కాదు. అది ఇద్దరికీ తెలుసు.

11:52. దగ్గరికి రానిచ్చేది ఒక్క డాక్టరమ్మనే కాబట్టి ఇంజెక్షన్ ఆమే చెయ్యాలన్నారు. ఆమె తన ముసుగు వేసుకుంది. తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. చిన్నారి నాలుగంగల్లో వచ్చి, ఆ పొడుగాటి మెడ తెచ్చి ఆమె భుజం మీద ఆనించింది. ఆమె ఒక చేత్తో నిమిరింది. రెండో చెయ్యి కోటు జేబులో ఉంది.

ఇన్‌స్పెక్టర్ నల్లద్దం దగ్గరికి జరిగింది.

"వెనక్కి రండమ్మా," అన్నాడు వాచ్‌మన్ మెల్లిగా. "అంత దగ్గరికెళ్తే అద్దంలోంచి మీ మొహం కనబడుద్ది. బెదురుద్ది."

ఆమె వెనక్కి వచ్చింది. మిగతాదంతా ఆమెకి చప్పుళ్లుగానే తెలిసింది. గడ్డి కదిలిన చప్పుడు. బరువైనదేదో నెమ్మదిగా కూర్చున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

12:09కి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ ముసుగు తీసి కొక్కేనికి తగిలించింది. రెండు చేతులూ ముందుకి చాపింది.

"పదండి మేడం."

"ఎక్కడికి?"

"సాక్ష్యం మార్చాను కదా. మీ పని మీరు కానివ్వండి. కాకపోతే ముందు నన్ను నాన్న దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దున్నించీ దీన్ని బతికించుకునే గొడవలో పడి, ఆయన కోసం ఏడవనే లేదు."

శవాన్ని ఎక్కించిన వ్యాన్ గేటు దగ్గర ఉంది. ఇన్‌స్పెక్టర్ తనే తలుపు తీసి, ఆమె ఎక్కాక మూసింది. కానిస్టేబుల్ కాగితాలు తెచ్చి అడిగాడు.

"మేడం, నిందితుల కాలమ్‌లో ఎవర్ని రాయమంటారు?"

వ్యాన్ లోపల ఏడుపు మొదలైంది. ఇన్‌స్పెక్టర్ కాగితం తీసుకుని, కలం తెరిచి, తలుపుకి వీపు ఆనించి అలాగే నిలబడిపోయింది.