కొనని వాళ్ల ఆదివారాలు

మడికొండలో మొండయ్య ఇంటి గేటుకు "అమ్మబడును" బోర్డు తగిలించి మూడేళ్లయింది. అమ్మడం మాత్రం జరగలేదు. ధర పెరిగితే "ఇంక పెరుగుతది, ఆగుదాం" అనేవాడు. తగ్గితే "మళ్ల పెరుగుతది, ఆగుదాం" అనేవాడు. తన పేరులోని మొండితనాన్ని ఆయన సిమెంటులో కూడా కలిపి కట్టాడు.

ఆ ఆదివారం ఇల్లు చూడటానికి వచ్చిన అబ్బాయికి మొండయ్య కూతురు దీప తలుపు తీసింది. హన్మకొండలో ఓ ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. ఎంత దాక్కున్న నరాన్నయినా ఇట్టే పట్టేస్తుంది. ఇతని చూపు గోడల మీద తక్కువ, తన మీద ఎక్కువ ఆగుతోందన్న సంగతినీ పట్టేసింది.

"బోరు ఎన్ని ఫీట్లండీ?"

"మూడు వందలు."

"గజం ఎంత పడ్తది?"

"ఏనుగుల రేటు మాకు తెల్వదండీ. ఇల్లు మొత్తం ఎనభై ఐదు లక్షలు."

కర్టెన్ వెనక మొండయ్య గట్టిగా దగ్గాడు.

"సారీ, తొంబై," అంది దీప.

"ఒక్క దగ్గుకే ఐదు లక్షలా! సార్ తుమ్మకముందే నేను పోత," అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వు మాత్రం హాల్లోనే ఉండిపోయింది, అద్దె కూడా కట్టకుండా.

ఇల్లు అమ్ముకునే వాళ్లకు ఓ అలవాటుంది. తమ ఇంటి ధర ఎంతో తెలియాలంటే, అమ్మకానికున్న ఇంకో ఇంటికి కొనేవాళ్లలా వెళ్లి అడుగుతారు. మొండయ్యకు ఆ గూఢచారి దీపే.

"కాజీపేటల ఓ ఇల్లున్నదట బిడ్డా. అచ్చం కొనేటట్టే మాట్లాడు. వంటిల్లు చిన్నగున్నదని జర మూతి తిప్పు," అని మరుసటి ఆదివారం పంపాడు.

దీప వెళ్లి బెల్లు కొట్టింది. తలుపు తీసింది ఆ అబ్బాయే.

"మీరు అమ్ముతాండ్రా? మొన్న కొనేటోళ్లు గదా!"

"మీరు కొంటాండ్రా? మొన్న అమ్మేటోళ్లు గదా!"

క్షణం పట్టింది. తర్వాత ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అతని పేరు అఖిల్. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం. రైల్వేలో రిటైరైన వాళ్ల నాన్న యాకయ్య కూడా కొడుకును రేటు కనుక్కురమ్మనే పంపాడట.

"ఇప్పుడు మా నాయినకు ఏం చెప్పాలె?" అంది దీప.

"తొంబై రెండని చెప్పు. పెరుగుతాందంటే మళ్ల పంపుతడు."

"పంపితే?"

"పంపితే నువ్వు వస్తవు," అన్నాడు అఖిల్, గొంతు తగ్గించి.

అట్లా ఓ ఆదివారం ఆమె, ఓ ఆదివారం అతను. వెళ్లిన ప్రతిసారీ రెండు లక్షలు పెంచి ఇంట్లో చెప్పేవారు. తలుపుల దగ్గర మొదలైనవి తలపుల దాకా వెళ్లాయి. ప్రపంచంలో ఇద్దరి ప్రేమకు ఇంత వేగంగా ధర పెరగడం బహుశా అదే మొదలు.

శ్రావణంలో నిజంగా కొనేవాడు వచ్చాడు. ఎనభై నాలుగిస్తానన్నాడు.

"కాజీపేటల తొంబై ఎనిమిది నడుస్తాంది. నువ్వు పో నాయినా," అని మొండయ్య గేటు వేసేశాడు.

రెండు నెలల్లో ధరలు పడిపోయాయి. బ్రోకర్లు ఫోన్లెత్తడం మానేశారు. డెబ్బై వస్తే గొప్పన్నారు. మొండయ్య సగం అన్నానికే చెయ్యి కడిగేస్తున్నాడు.

"నేను ఒట్టి తెలివితక్కువోన్ని బిడ్డా. ఇంటి ముందటికొచ్చినోన్ని ఎల్లగొట్టిన," అన్నాడు ఓ పూట.

దీప కూడా కంచం పక్కకు జరిపింది. నిజం చెబితే అఖిల్‌కు ఈ గేటు మూసుకుపోతుంది. చెప్పకపోతే నాన్న రోజూ తనను తానే తిట్టుకుంటాడు. అఖిల్‌కు ఫోన్ చేసింది.

"ఇయ్యాల చెప్పేస్త. నిన్ను గేటు దాటనియ్యకపోతే?"

"నేను గూడ మా నాయినకు చెప్పి తోలుకొస్త. గేటు బయటనే నిలబడ్త. ఎన్ని రోజులైనా."

బయట వాన మొదలైంది. దీప నాన్న కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేసింది.

"ఆ తొంబై ఎనిమిది...?" అన్నాడు మొండయ్య.

"అబద్ధం నాయినా. ఆ పిలగాన్ని చూడొచ్చని."

అంతలో గేటు చప్పుడైంది. ఒకే గొడుగు, దాని కింద యాకయ్య, దాని బయట నిలువునా తడిసిన అఖిల్.

మొండయ్య లేచాడు. "మీరేనా కాజీపేట తొంబై ఎనిమిది?"

"మీరేనా మడికొండ నూరు? మీ రేటు విని నేను గూడ ఒక పార్టీని ఎల్లగొట్టిన," అన్నాడు యాకయ్య.

"మీదిప్పుడు ఎంత?"

"అరవై ఎనిమిది."

"మాది డెబ్బై," అన్నాడు మొండయ్య. రెండు నెలల తర్వాత ఆయన మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. పడినా రెండు లక్షలు పైనే పడ్డాడు మరి!

ఆ వెలుగుతోనే కూతురి వైపు తిరిగాడు. "శ్రావణంల అమ్మి ఉంటె నేనిప్పుడు ఏడ కూసుందు బిడ్డా? మీ అమ్మ ఆఖరి రోజులల్ల పానం బాగలేకున్నా ఎండల నిలబడి కట్టించిన ఇల్లు. ఎవరన్న వచ్చి బాగున్నదంటే వినబుద్ధయితది. గందుకే ఆ బోర్డు. రేటు పడ్డదని ఏడ్చిన గని, అమ్మబుద్ధి ఎన్నడు కాలే." కూతురి కళ్లలోకి చూశాడు. "గని నాకు అబద్ధం చెప్పినవు. గది నొచ్చింది."

"తప్పయింది నాయినా."

"మావోనిది గూడ తప్పే బావా," అన్నాడు యాకయ్య.

బావా! ఆ పిలుపుకు వరండా అంతా ఊపిరి బిగబట్టింది. మొండయ్య ఆయన్ను పైకీ కిందికీ చూశాడు. కుర్చీ లాగి వేశాడు.

"కూసో బావా. తడుస్తవు." తర్వాత అఖిల్‌తో, "నన్నేం చూస్తానవు పిలగా? అడిగేది ఆమెను."

ఇన్ని ఆదివారాలు ఇన్ని ప్రశ్నలడిగిన అఖిల్‌కు ఒక్కటీ గుర్తు రాలేదు. "దీపా... నన్ను..." అని ఆగిపోయాడు. నీళ్లు మాత్రం ఆగకుండా కారుతున్నాయి.

దీప తువ్వాల తెచ్చి అతని తల మీద వేసింది. "ముందుగాల తుడుచుకో. నిన్ను గిట్ల చూసినోళ్లు మా ఇల్లు కురుస్తాందనుకుంటరు."

తువ్వాల కింద నుంచి సన్నటి గొంతు వినిపించింది. "అంటే సరేనా?"

దీప తువ్వాల తీయలేదు. రెండు చేతులతో అతని తల మెల్లగా తుడుస్తూ, అతనొక్కడికే వినపడేలా అంది.

"సరే."