జోడీ లేని కర్రసాము

“ఎవులు కొడతన్నారు నిన్ను?”

గట్టు మీంచి ఆడగొంతు వినిపించేసరికి అప్పలసూరి కర్ర గాల్లోనే ఆగిపోయింది.

“ఎవరూ లేరే.”

“మరెందుకలాగ కాసుకుంటన్నావు?”

ఈ ప్రశ్నకి రైల్వేవారి రూల్సు పుస్తకంలో జవాబు లేదు. అప్పలసూరి నౌపడ స్టేషన్లో టిక్కెట్ల గుమస్తా. పగలంతా కిటికీ కన్నంలోంచి జనానికి ఊళ్లు పంచిపెడతాడు. నీకు పలాస, నీకు చీపురుపల్లి, నీకు విజయనగరం. తనకి మాత్రం ఏ ఊరూ మిగుల్చుకోడు. సాయంత్రం కౌంటరు మూసి, ఉప్పుమళ్ల వెనకనున్న గట్టెక్కి కర్రసాము చేస్తాడు. చేస్తాడంటే సగం చేస్తాడు. కొట్టడు, కాసుకుంటాడు. తల మీద పడబోయే దెబ్బని కాస్తాడు, భుజం మీదదాన్ని కాస్తాడు, వంగి మోకాలు కాస్తాడు. చూసేవాళ్లకి, కనపడని శత్రువులు పదిమంది కుర్రాణ్ణి చుట్టేసి చితక్కొడుతున్నట్టుంటుంది.

“గాలికి బయపడినోన్ని ఇప్పుడే సూస్తన్నాను,” అంది ఆ పిల్ల.

“భయం కాదు. సాము.”

“సామా! సగం సామేటి? మిగతా సగం ఇంటికాడ మరిసిపోనావేటి?”

నెత్తిమీద అన్నం గిన్నె, చేతిలో తనకంటే పొడుగాటి వెదురుకర్ర. ఉప్పుకుప్పల కాపలా కాసే అసిరయ్య కూతురు, పేరు దాలమ్మ. తండ్రి ఇంటి దగ్గర మరిచిన కర్రనీ, తండ్రి మరవని అన్నాన్నీ కలిపి పట్టుకెళ్తోంది. గిన్నె గట్టు మీద దింపి, పైట బిగించి, కర్ర తిప్పింది. ఆ తిప్పడం చూసి అప్పలసూరి తన కర్రని రెండు చేతులా పట్టుకున్నాడు. పేరు డాలుకి దగ్గరగా ఉందిగాని, పిల్ల మాత్రం పూర్తిగా కత్తి.

“కాసుకో మరి!”

ఠప్పుమంది. కర్రకి కర్ర తగిలిన చప్పుడు. ఎన్నేళ్లయిందో అప్పలసూరి ఆ చప్పుడు విని! ఇన్నాళ్లూ ఎదురుచూపులే తప్ప ఎదురుదెబ్బ ఎరగనివాడికి మోచేతి దాకా జలదరించింది. మళ్లీ తల, మళ్లీ భుజం, మోకాలు. అన్నిటినీ కాశాడు. చివరి దెబ్బ మాత్రం కాయలేదు. ఆమె మొహం చూస్తున్నాడు.

“ఓలమ్మ! తగిలిందేటి?”

“పర్లేదు,” అన్నాడు భుజం రుద్దుకుంటూ. “బాగుంది.”

“దెబ్బ బాగుండడమేటి? పిచ్చోడా?”

* * *

అన్నం గిన్నె కోసం వెతుక్కుంటూ వచ్చిన అసిరయ్య సంగతంతా విని గట్టు మీదే చతికిలబడ్డాడు. ఆయన ఒకప్పుడు చుట్టుపక్కల కుర్రాళ్లందరికీ సాము నేర్పిన గురువు. ఇప్పుడు ఆయన మాట వినడానికి ఉప్పుకుప్పలే మిగిలాయి.

“ఎవుల కాడ నేర్సినావు బాబూ?”

“విజయనగరంలో మావా, సాము నేర్పే ఒక తాలింఖానాలో. అక్కడ ముందు కాయడమే నేర్పుతారు. అది కుదిరాకే కొట్టడం.”

“మరి కొట్టడం?”

“నాకు కాయడం కుదిరేసరికి గురువుగారు పోయారు. తాలింఖానా కాస్తా తవుడుఖానా అయిపోయింది. ఇప్పుడందులో తవుడు బస్తాలు పెడతన్నారు.”

దాలమ్మ ఫక్కున నవ్వబోయి, తండ్రి మొహం చూసి మానేసింది.

“మీ పిల్లకి కొట్టడం ఎవరు నేర్పారు మావా?”

“ఇంకెవులు? నా కాడికొచ్చే కుర్రోల్లు ఒక్కొక్కడే మానీసినారు. ఇశాకపట్నం ఓడల పనికి కొందరు, పెళ్లాలొచ్చి కొందరు. జోడీ లేకండా సామెలాగ? దీన్ని నిలబెట్టీసినాను. దీని తల్లి బతికుంటే నన్నే కొట్టీసేది.”

“ఊల్లో ఆడోల్లు నన్ను సూసి మూతి తిప్పుకుంటారు,” అంది దాలమ్మ. “నీళ్ల బిందెలు రెండెత్తుకుని ఒక్క చుక్క ఒలకకండా గట్టెక్కి వస్తాను. అది సాము అడుగే. ఆల్లకి తెల్దు.”

ఆ రోజు నుంచి సాయంత్రాలు వేరైపోయాయి. అన్నం గిన్నె గట్టు మీద చల్లారేది, అసిరయ్య కేకలేసేవాడు.

“ఒసే దాలీ, కుడికాలు ముందరెయ్యి! ఒరే సూరీ, కర్ర సూడరా, దాని మొకం కాదు!”

“మొకం సూస్తే కర్ర ఎటొస్తాదో తెలుస్తాది మావా.”

“ఏటి తెలుస్తాది?” అంది దాలమ్మ.

“కొట్టే ముందర పెదవి కొరుకుతావు.”

“అబద్దం!” అంటూ పెదవి కొరికింది. అతను నవ్వుతూ కాశాడు. నవ్వినందుకు రెండోది తగిలింది.

కాని గట్టు దిగి క్వార్టర్సు తలుపు తీసేసరికి మళ్లీ పాత కథే. ఒంటరివాడికి వంటే పెద్ద తంటా. చుట్టూ అంత ఉప్పుండి కూడా అతని బతుకు చప్పగా ఉండేది. గడియారానికి ఒంటిగంట ఎప్పుడో ఒకప్పుడు దాటిపోతుంది, అప్పలసూరికి రోజంతా ఒంటిగంటే. తను ఎంగిలి చేసిన కంచం తనే కడుక్కుని, కడిగినదాన్ని బోర్లించి, ఆ చప్పుడు ఆగాక ఇంకేం వినిపిస్తుందా అని చెవి పెట్టేవాడు. ఏమీ వినిపించేది కాదు. పెద్ద రైళ్లు కూడా అతణ్ణి పలకరించకుండానే పోయేవి.

ఆమెకి చెప్పాలనుకునేవాడు. పగలంతా ఇన్ని ఊళ్ల పేర్లు పలికే నోరు, ఒక్క పిల్ల పేరు దగ్గరికొచ్చేసరికి సిగ్నలు పడని బండిలా నిలిచిపోయేది.

తొలకరి పడిన సాయంత్రం ఇద్దరూ ఉప్పుకుప్ప మీద కప్పిన తాటాకుల చూరు కింద నిలబడ్డారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోకి వానే వచ్చి నిలబడింది, తోడుపెళ్లికూతురులా ఇద్దర్నీ తడుపుతూ.

“నాకొక మాట సెప్పాలని ఉన్నాది,” అన్నాడు.

“సెప్పు.”

“ఈ వానకి ఉప్పంతా కరిగిపోతాదేమో.”

దాలమ్మ అతని వంక ఒకసారి చూసి, వాన వంక తిరిగింది. “కరిగితే కరగనీ,” అంది. “ఉప్పుకైనా ఉన్నాది, కరిగే గుణం.”

* * *

ఆ వారమే స్టేషన్ మాస్టరు నరసింగరావుగారు పిలిచి కబురు చెప్పారు. నౌపడ నుంచి కొండల్లోకి పోయే చిన్న రైలు దారి చివర, గుణుపురం స్టేషన్లో గుమస్తా జబ్బు పడ్డాడు, వెంటనే వెళ్లాలి, రిలీఫు డ్యూటీ. రిలీఫు అవతలివాడికి, గ్రీఫు ఇవతలివాడికి.

“ఎన్నాళ్లండీ?”

“అతను లేచేదాకా. బండి గంటలో ఉంది.”

అప్పలసూరి కర్ర పట్టుకుని అసిరయ్య ఇంటికి పరిగెత్తాడు. ఎవరూ లేరు. విత్తుల రోజులు, ఇద్దరూ పొలంలో ఉన్నారు. ఒక్క క్షణం నిలబడి, తరవాత మనసులో నవ్వుకున్నాడు. మాటల అవసరమేముంది? కర్రని వీధిగోడకి చేరవేసి, చేత్తో ఒకసారి నిమిరి, బండెక్కాడు. విజయనగరం తాలింఖానాలో అదే పద్ధతి. ఊరెళ్లే శిష్యుడు గురువుగారింట్లో కర్ర పెట్టి వెళ్తే, ‘నా చోటు ఉంచండి, తిరిగొస్తాను’ అని అర్థం. నోటితో చెప్పలేని మాట కర్ర చేత చెప్పించానని ఆ వెర్రివాడు దారంతా మురిసిపోయాడు.

పేరుకే చిన్న రైలు, ఆలస్యంలో మహా పెద్దది. దాని చివర గుణుపురం. చుట్టూ కొండలు, కొండల మీద మబ్బు, మబ్బు కింద కారే రేకుల కప్పు, కప్పు కింద అప్పలసూరి. వచ్చేవాళ్లు ఒరియాలో మాట్లాడితే ఇతను తెలుగులో టిక్కెట్టిచ్చేవాడు. సాయంత్రాలు చేతులు ఊరికే లేచేవి. కర్ర లేదు, కొట్టే మనిషీ లేదు, కాయడానికి గాలి తప్ప ఏమీ లేదు. ఉత్తరం రాద్దామా అంటే, ఆడపిల్లుండే ఇంటికి వచ్చిన ఉత్తరం ఊరంతా చదివాకే ఇంటికి చేరుతుంది. పోనీలే, కర్ర ఉంది కదా, అది చెబుతూనే ఉంటుంది అనుకున్నాడు.

వానలు వెనకబట్టాక గుమస్తా లేచాడు. అప్పలసూరి పొద్దున్న చిన్న రైల్లో నౌపడలో దిగాడో లేదో, నరసింగరావుగారు పెట్టె ప్లాట్‌ఫారం బెంచీ పక్కనే పెట్టించి కౌంటర్లో కూర్చోబెట్టేశారు. సాయంత్రం గట్టు దగ్గరికి వెళ్లాలి, ఇవాళైనా చెప్పెయ్యాలి అనుకుంటూ కిటికీ తీశాడు.

“రెండు కోటబొమ్మాళి.”

ఆ గొంతు అసిరయ్యది.

“మావా! నేను, సూరిని!”

“తెలస్తన్నాది బాబూ. రెండు కోటబొమ్మాళి.”

‘ఒరే’ పోయి ‘బాబూ’ వచ్చింది. అప్పలసూరి కిటికీలోంచి మెడ సాచి చూశాడు. వెనక దాలమ్మ, కొత్త కోక కట్టుకుని, సామాన్ల తూకం మిషను వైపు తిరిగి నిలబడి ఉంది.

“కోటబొమ్మాళిలో ఏటి పని మావా?”

“మా సెల్లెలింటికాడ పెళ్లిసూపులు. దాలిని సూడ్డానికొస్తన్నారు.”

తేదీ గుద్దే మిషన్లో పెట్టిన టిక్కెట్టు సగంలో ఆగిపోయింది. తన చేత్తో ఈ టిక్కెట్టు గుద్దితే, ఆమె ఆ బండెక్కి వెళ్లిపోతుంది.

“బాబూ, బండొచ్చీసే యేలయింది, బేగి కానీ!” వరసలోంచి ఎవరో అరిచారు.

“నా కర్ర మీ ఇంటికాడ పెట్టి కదా ఎల్లాను!” అన్నాడు అప్పలసూరి.

దాలమ్మ గిరుక్కున తిరిగింది. “అందుకే కదేటి! మమ్మల్ని వొగ్గీసి పోనోడివి, ఇప్పుడు మేమెక్కడికెల్తే నీకేటి?”

“వొగ్గీడమేటి? కర్ర పెట్టినానంటే మళ్లీ వస్తానని!”

“ఏ దేశంలోని?”

“మా తాలింలో! ఊరెల్లినోడు గురువింట్లో కర్ర పెడతాడు. తన చోటు ఉంచమని.”

అసిరయ్య చెయ్యి కిటికీ చెక్క మీద పడింది.

“మా కాడ అలాగ కాదురా,” అన్నాడు. “సాము మానీసినోడు కర్ర గోడకి జేరేసి సెప్పకండా ఎల్లిపోతాడు. మానీస్తన్నానని గురువు మొకం మీద సెప్పకూడదని అలాగెట్టినారు పెద్దోల్లు. వొగ్గీసిన కర్రతో మరి సాము సెయ్యం, ఇంటి పనికి వాడీసుకుంటాం. మా పెరట్లోని ఆనప పందిరి సూసినావా? ఆ రాటలన్నీ నా కుర్రోల్లే. ఒక్కొక్కడూ ఒక్కొక్క రాట.”

అప్పలసూరి ఆ పందిరిని చాలాసార్లు చూశాడు, దాని కాయల కూర తిన్నాడు. రాటలెందుకంత నున్నగా ఉన్నాయో ఒకసారీ అడగలేదు.

“నాది కూడానా?”

“నూతి పక్క మూల,” అంది దాలమ్మ. “నేనే పాతినాను.”

“ఏడుత్తూ పాతినావేటే?” చేపలబుట్ట దింపుకుని వరసలో నిలబడిన గురమ్మ అడిగింది.

“తిడతా పాతినాను!” అంది దాలమ్మ. కళ్లు మాత్రం ఇంకోలా చెప్పాయి. “ఆ మూలే బాగా కాసింది, దొంగమూల.”

ప్లాట్‌ఫారం మీద గంట కొట్టారు. బండి ముందు స్టేషన్ వదిలింది. వరసలో జనం టిక్కెట్ల సంగతి మరిచి మెడలు సాచారు.

అప్పలసూరి లేచి నిలబడ్డాడు. కన్నం చిన్నది, మొహం పట్టలేదు, వంగాడు.

“కర్ర సేత సెప్పించడం నా తప్పు. నోరుండి కూడా సెప్పలేదు. ఇప్పుడు సెప్తన్నాను దాలమ్మా. నాకు నువ్వు కావాల. గుణుపురంలో రోజూ సెప్పుకున్నాను, వినడానికి ఎవులూ లేరు. నువ్వు కోటబొమ్మాళి ఎల్లాలంటే టిక్కెట్టిస్తాను, నా డ్యూటీ. ఈ మాట యిన్నాక ఎల్లు.”

గురమ్మ బుట్ట మీద ఈగలు కూడా ఆగినట్టున్నాయి.

“ఆ మాట తాటాకుల కింద సెప్పలేకపోనావా?” అంది దాలమ్మ. “అక్కడ ఉప్పు కరుగుతాదన్నావు. ఇక్కడ తూకం మిషను ముందర, చేపలబుట్ట ముందర సెప్తావా?”

“తప్పేటి?” అంది గురమ్మ. “మాకూ యినపడింది, సాచ్చికం.”

అసిరయ్య కూతురి వంక చూశాడు. ఆమె పెదవి కొరుక్కుని తల దించుకుంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

“ఒరే సూరీ!”

“మావా?”

“రెండొద్దు. ఒకటి సాలు.”

“ఒకటా?”

“మా సెల్లి పొద్దున్నించి బూరెలొండుకుని కూకుంటాది. వచ్చినోల్లకి ఎవులో ఒకలు సెప్పాల కదా, పిల్ల కుదిరిపోనాదని. నానెల్లి సెప్పీసి, ఆ బూరెలేవో తినీసి సాయంత్రం బండికొస్తాను. బేగి గుద్దరా, బండి కూతేసింది!”

అప్పలసూరి గుద్దాడు. ఆ మిషను అంత గట్టిగా ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదు.

బండి వచ్చింది, జనాన్నీ గురమ్మ బుట్టనీ అసిరయ్యనీ ఎక్కించుకుంది, వెళ్లిపోయింది. కౌంటరు తలుపు తీసుకుని అతను బయటికి వచ్చేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. ఆ ఖాళీలో దాలమ్మ ఒక్కర్తీ బెంచీ అంచున కూర్చుని, కొత్త కోక కొంగుని వేలికి చుట్టుకుంటోంది. అతను అవతలి అంచున కూర్చున్నాడు. నరసింగరావుగారు తొంగిచూసి, ఏదో పనున్నట్టు లోపలికి వెళ్లిపోయారు.

“సాయంత్రం దాకా ఏటి సేద్దాం?” అంది దాలమ్మ.

అప్పలసూరి పట్టాల వంక చూశాడు.

“నాకు తెల్దు,” అన్నాడు. “ఇన్నాల్లూ సాయంత్రం దాకా ఒక్కన్నే ఉన్నాను. ఇద్దరుంటే ఏటి సేస్తారో నువ్వే సెప్పాల.”

దాలమ్మ బెంచీ మీద అతని వైపు కొంచెం జరిగి కూర్చుంది.

“ముందు నీ పెట్టి లోపలెట్టు,” అంది. “పొద్దున్నించీ ఎండలో ఉన్నాది.”