ఏడు నుంచి నొప్పి

దర్జీ ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఆపరేటరమ్మ ఫోను చెవికి ఆనించుకుని కరెంటు ఆఫీసు వాళ్ళు వినిపిస్తున్న సంగీతం వింటోంది. అప్పటికి ఇరవై రెండు నిమిషాలయింది. ఆ సంగీతం వేసినవాడు దొరికితే వాడికీ అదే పాట జీవితాంతం వినిపించాలని ఆమె గట్టి నిర్ణయానికి వచ్చేసింది.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపి, రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుందామె. అసలు పేరు ఆమెకే గుర్తుండేది కాదు, ఊరంతా ఆపరేటరమ్మ అనేవారు. సహాయకుడు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళజోడు నంబరు పెంచుకున్న మనిషి. ఆయన్ని ప్రూఫుగారు అనేవారు. ఆపరేటరమ్మ తుమ్మినా అందులో ఏదో ఆలోచన ఉండి ఉంటుందని ఆయన నమ్మకం.

"మేడం, మా ఆయన ఏడేళ్ళుగా నన్ను మోసం చేస్తున్నారు," అంది దర్జీ ఆవిడ కుర్చీలో కూలబడి.

ఆపరేటరమ్మ ఫోను పెట్టేసింది. "ఎవరితో?"

"గాల్‌బ్లాడర్‌లో రాయితో."

ప్రూఫుగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆవిడ గ్లాసు పట్టుకునే ఉంది గాని తాగలేదు. సంచీలోంచి కాగితాలు ఒక్కొక్కటే తీసి బల్లమీద పరిచింది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. కిందటి నెల ఆవిడ పెళ్ళిబట్టల కొలతలకని పొరుగూరు వెళ్ళి రాత్రి అక్కడే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఆయనకి కడుపులో విపరీతమైన నొప్పి వచ్చింది. పక్కింటి టాక్సీ ఆయన తీసుకెళ్ళి ఆసుపత్రిలో దింపాడు. ఆపరేషను చేసి రాయి తీశారు. ఇన్సూరెన్సు ఉంది కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఇంటికొచ్చారు. తీరా చూస్తే మొత్తం బిల్లు మీరే కట్టాలని ఉత్తరం వచ్చింది.

"చదవండి, ప్రూఫుగారూ."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "తారీఖు ఎనిమిది. 'పద్నాలుగో నియమం, మూడో ఉపనియమం ప్రకారం, ముందునుంచి ఉన్నట్టు భావించదగిన, లేదా లేదని భావించడానికి తగినంత ఆధారం లేని బాధ...' మేడం, ఈ వాక్యానికి క్రియ లేదు."

"కావాలనే తీసేసి ఉంటారు. ముందుకెళ్ళండి."

"'పాలసీ వయసు మూడు సంవత్సరాలు. ఆసుపత్రి రికార్డు ప్రకారం నొప్పి ఏడు సంవత్సరాలుగా ఉంది. దాచిపెట్టినందున క్లెయిము తిరస్కరించడమైనది.'"

"మీవారిని అడిగారా?" అంది ఆపరేటరమ్మ.

"అడక్కుండా ఉంటానా? ఏడు నుంచి నొప్పి అని చెప్పారా అనడిగితే, 'అవును, ఏడు నుంచే, అయితే ఏంటి?' అన్నారు. పైగా ఆయన సొరుగులో అరుగుదల బిళ్ళలు కూడా దొరికాయి. ఇంకేం కావాలి? నాలుగు మాటలన్నాను. అప్పట్నుంచి మూతి ముడుచుకుని కూర్చున్నారు. పది రోజులైంది, మా మధ్య మాటల్లేవు."

బిల్లు కట్టాలంటే గడియారాల షాపు వదులుకోవాలి. కొనేవాడు సోమవారం వస్తానన్నాడు. కాని ఆవిడని కుదిపేసింది అది కాదని ఆపరేటరమ్మకి తెలుస్తూనే ఉంది. పక్కనే పడుకునే మనిషి ఏడేళ్ళు నొప్పి పళ్ళబిగువున దాచుకున్నాడంటే, ఇంకా ఏమేం దాచాడో అన్నది ఆవిడ బాధ.

"కంపెనీ వాళ్ళు ఫోనులో మాట్లాడిన రికార్డింగు కూడా పంపారు, మీ ఆయన గొంతే వినుకోండి అని."

దాంతోపాటు వచ్చిన చీటీలో తారీఖు తొమ్మిది, సమయం పగలు పదకొండు యాభైతొమ్మిది అని ఉంది. ప్రూఫుగారు రికార్డింగు పెట్టాడు.

"ఏడు నుంచి నొప్పి ఉన్నట్టు రాశారు, నిజమేనా?" క్లెయిముల ఆఫీసరు గొంతు.

"ఏడు నుంచే. నేను టైము విషయంలో పొరపాటు చెప్పను." ఇది భర్త. వెనకాల గడియారాలు కొట్టడం మొదలుపెట్టాయి. "ఖచ్చితంగా ఏడు." ఐదు దెబ్బలు వినిపించాయి. "సరేనండీ, థాంక్స్," అన్నాడు ఆఫీసరు. అంతే.

ఆపరేటరమ్మ కళ్ళు మూసుకుని మూడుసార్లు వింది. తర్వాత చెప్పులేసుకుంది.

గడియారాల షాపు పెద్ద వీధికి అడ్డంగా ఉన్న సందులో ఉంది. గోడకి పద్నాలుగు గడియారాలు, అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి. కంటికి బిగించిన అద్దం తియ్యకుండానే గడియారాలాయన తల ఎత్తాడు.

"మా ఆవిడ పంపిందా? నాకేం చెప్పాలని లేదండీ."

"నొప్పి గురించి అడగను. షాపు ఎప్పుడు తీస్తారు?"

"తొమ్మిది."

"భోజనం?"

"ఒకటి. మళ్ళీ రెండు నుంచి పని."

"షాపు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"పంతొమ్మిది సంవత్సరాలు."

"ఆ అరుగుదల బిళ్ళలు?"

"ఇంటి భోజనం బాగుంటుందని కాస్త ఎక్కువ తింటాను. ఆ మాట ఆవిడతో చెబితే పెట్టడం తగ్గిస్తుంది." ఆయన చిన్న పట్టకారుతో ఏదో చక్రం ఎత్తబోయి జారవిడిచాడు. "అన్నేళ్ళ కాపురం. నేను అబద్ధం చెప్పానని ఎవరో రాస్తే నమ్మేసింది. ఇంక నేను చెప్పి లాభమేంటి?"

ఆపరేటరమ్మకి ఆయన్ని చూస్తే జాలీ వేసింది, చిరాకూ వేసింది. ఒక్క మాట విడమరిచి చెబితే సగం గొడవ వదిలేది. కాని మొండితనానికి మందు ఏ ఆసుపత్రిలోనూ లేదు, ఉన్నా దానికి ఇన్సూరెన్సు వర్తించదు.

బయటికి రాగానే ఆమె అంది, "ప్రూఫుగారూ, మీకు ఎక్కిళ్ళు వస్తున్నాయి."

"రావడం లేదు మేడం."

"ఆసుపత్రికి వెళ్ళేసరికి వస్తాయి. ఎప్పట్నుంచని అడిగితే 'రెండు నుంచి' అనండి. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ చెప్పకండి."

అప్పుడు మధ్యాహ్నం మూడయింది. ఆసుపత్రి కౌంటరు ముందు వరస గుమ్మందాకా ఉంది. కౌంటరు అమ్మాయి ఒక చెవిలో ఫోను, ఒక చేత్తో కంప్యూటరు, ఇంకో చేత్తో స్టాంపు, నోట్లో పెన్ను మూతతో సతమతమవుతోంది. ప్రూఫుగారి వంతు వచ్చేసరికి ఆయన నిజంగానే ఎక్కిళ్ళు వచ్చేంత కంగారుపడ్డాడు.

"వయసు?"

"యాభైఎనిమిది."

"బాధేంటి?"

"ఎక్కిళ్ళు."

"ఎప్పట్నుంచి?"

"రెండు నుంచి."

టకటకా కొట్టింది, తల ఎత్తలేదు. చీటీ చేతిలో పెట్టి, "పై అంతస్తు, ఆరో గది, తర్వాతెవరు?" అంది. ప్రూఫుగారు వరసలోంచి బయటపడి చీటీ చదివి కళ్ళు తేలేశాడు. ఎక్కిళ్ళు, రెండు సంవత్సరాలుగా, అని ఉంది.

"రెండేళ్ళ ఎక్కిళ్ళతో బతికున్నవాణ్ణి చూసి డాక్టరు కుర్చీలోంచి లేస్తాడు," అన్నాడు.

"లేవడు. ఆ కాగితమే చూసి మళ్ళీ రాసుకుంటాడు," అంది ఆపరేటరమ్మ.

శనివారం పన్నెండు కావస్తుండగా ఆమె అందరినీ గడియారాల షాపులో పోగుచేసింది. కౌంటరు అమ్మాయి సగంపూట సెలవు పెట్టి వచ్చి, ఆ సెలవు ఎవరి ఖాతాలో పోతుందని వచ్చినప్పట్నుంచీ అడుగుతూనే ఉంది. క్లెయిముల ఆఫీసరు ఇస్త్రీ చొక్కా, సన్నటి ఫైలుతో వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు. దర్జీ ఆవిడ ఒక మూల, గడియారాలాయన ఇంకో మూల. బల్లమీద షాపు ఫోను రిసీవరు పక్కకి తీసి పడేసి ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"చూడండి," అన్నాడు ఆఫీసరు, "ఇది రూల్సు ప్రకారం ముగిసిపోయిన ఫైలు. అభ్యంతరం ఉంటే నమూనా తొమ్మిది నింపి, మూడు కాపీలు..."

"ఒక్క నిమిషం. ప్రూఫుగారూ, ఏడు అనే మాటకి ఎన్ని అర్థాలు?"

"మూడు మేడం. అంకె ఒకటి. ఏడాది అనే అర్థం రెండోది. మూడోది, ఏడవమని చెప్పడం."

"ఈ కేసులో మూడూ ఉన్నాయి." ఆపరేటరమ్మ గడియారాలాయన వైపు తిరిగింది. "మొన్న నాతో మాట్లాడినప్పుడు మీరు షాపు తొమ్మిది అన్నారు, భోజనం ఒకటి అన్నారు. షాపు వయసు అడిగితే మాత్రం పంతొమ్మిది సంవత్సరాలు అన్నారు. టైము చెప్పేటప్పుడు మీరు గంటలు అని అనరు. ఆసుపత్రిలో ఏమన్నారు?"

"ఏడు నుంచి అన్నాను. పొద్దున లేచినప్పుడు బాగానే ఉన్నాను. ఏడు కొట్టేసరికి పట్టుకుంది. ఫోనులోనూ ఇదే చెప్పాను." ఆయన అందరి ముఖాలూ చూశాడు. "ఇంకేమనాలి?"

దర్జీ ఆవిడ భర్త వైపు ఒక అడుగు వేసింది.

ప్రూఫుగారు ఎక్కిళ్ళ చీటీ తీసి కౌంటరు అమ్మాయి ముందు పెట్టాడు. ఆ అమ్మాయి చదివి నుదురు కొట్టుకుంది. "వయసు గడిలో సంవత్సరాలు అని ఉంటుందండీ. కింద గడిలోనూ అదే పడిపోతుంది. మనమే మార్చాలి. నేను ఎన్నిసార్లు చెప్పానో, ఆ గడి సరిచెయ్యండని. ఎవరైనా వింటేగా? రోజుకి మూడొందల మంది వస్తారు, నేను ఒక్కదాన్ని."

"నీ తప్పు చేతి తప్పమ్మా," అంది ఆపరేటరమ్మ. "అది అక్కడితో ఆగి ఉంటే ఒక ఫోనుతో సరిపోయేది. ఫోను చేశారు కూడా. కాని ఎప్పుడు చేశారు? తిరస్కరించిన ఉత్తరం ఎనిమిదో తారీఖుది. ఫోను తొమ్మిదిన. ముందు సంతకం, తర్వాత విచారణ."

"అది ఆఫీసు పద్ధతి," అన్నాడు ఆఫీసరు. "ఆయన ఒప్పుకున్నాడు కదా. రికార్డింగు ఉంది."

"ఉంది. విందాం."

రికార్డింగు మొదలైంది. గడియారాలాయన గొంతు 'పొరపాటు చెప్పను' అనే చోట రికార్డులో గడియారాలు కొట్టడం మొదలుపెట్టాయి. ఐదు దెబ్బలు. సరేనండీ, థాంక్స్. ఆపరేటరమ్మ గోడకేసి చూసింది. ముల్లు కదిలింది.

పద్నాలుగు గడియారాలూ ఒక్కసారి గంటలు కొట్టసాగాయి. ఆరో దెబ్బకి ఆఫీసరు చూపు నేలమీదికి వాలింది. తొమ్మిదో దెబ్బకి జేబురుమాలు తీశాడు. పన్నెండో దెబ్బ సద్దుమణిగేదాకా ఎవరూ కదల్లేదు.

"మీ చీటీలో పదకొండు యాభైతొమ్మిది అని మీరే రాశారు," అంది ఆపరేటరమ్మ. "అంటే ఆ రోజూ పన్నెండే కొట్టి ఉండాలి. మీ రికార్డింగులో ఐదే ఉన్నాయి. ఈయన గడియారాలు ఏడు దెబ్బలు మింగేవి కావు. ఆ ఏడు దెబ్బల మధ్య ఈయన ఏమన్నారో ఇప్పుడే విన్నాం కదా, పొద్దున లేచినప్పుడు బాగానే ఉన్నానని. అది వినగానే మీకు తెలిసిపోయింది, ముందురోజు సంతకం పెట్టింది తప్పని. ఒప్పుకుంటే ఉత్తరం వెనక్కి తీసుకోవాలి, పైవాళ్ళకి సంజాయిషీ రాయాలి. అంతకంటే ఆ ముక్క కత్తిరించడం తేలికనిపించింది."

"ఒక్కసారి తిరస్కరించింది మళ్ళీ తెరిస్తే ఆ ఏడాది ప్రమోషను పోతుందండీ," అన్నాడు ఆఫీసరు, చాలా మామూలుగా. "అందరూ చేసేదే."

"ఆయనకి షాపు పోతుంది. ఆ లెక్క మీ నమూనా తొమ్మిదిలో ఎక్కడ రాయాలి?"

ఆపరేటరమ్మ రిసీవరు ఎత్తింది. "మేనేజరుగారూ, విన్నారా? ఇరవై నిమిషాలు మిమ్మల్ని లైన్లో ఉంచినందుకు ఏమీ అనుకోకండి. మీ ఆఫీసుకి ఫోను చేస్తే మాకు పాటలు వినిపిస్తారు. నేను గడియారాలు వినిపించాను."

అవతల గొంతు ఏమన్నదో వినబడలేదు. ఆపరేటరమ్మ విన్నదల్లా తిరిగి చెబుతుంటే ప్రూఫుగారు పెన్ను తీసి రాసుకున్నాడు. అసలు రికార్డింగు ఇంకా యంత్రంలోనే ఉంది, ఫైలు ఇవాళే తెరుస్తారు, బిల్లు కంపెనీయే కడుతుంది, ఆ మాట సోమవారం పొద్దున తొమ్మిది గంటలకి కాగితం మీద వస్తుంది. 'గంటలకి' అనే మాట కింద ఆయన రెండు గీతలు గీశాడు.

ఆఫీసరు ఫైలు చంకలో పెట్టుకుని ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగాడు. కౌంటరు అమ్మాయి తన సెలవు సంగతి ఇంకోసారి అడిగి, జవాబు రాకపోయేసరికి తనూ వెళ్ళింది. ఆపరేటరమ్మ చెప్పులు వెతుక్కుంటూ కావాలనే ఆలస్యం చేసింది. ఆమెకి మనుషుల మాటలు వినే అలవాటు ఎక్స్ఛేంజిలోనే వదిలిపోయి ఉండాలి గాని, వదల్లేదు.

దర్జీ ఆవిడ చీర కొంగుతో బల్లమీద లేని దుమ్ము తుడుస్తోంది. "ఏడేళ్ళు నా దగ్గర దాచారనుకున్నాను," అంది. "తప్పు నాదే. మీ మాట తీరు తెలిసి కూడా నమ్మేశాను."

ఆయన పట్టకారు తీసి సొరుగులో పెట్టాడు.

"ఎప్పట్నుంచి అలిగారు నామీద?"

"పదకొండో తారీఖు," అన్నాడాయన కంటి అద్దం తీసి కింద పెడుతూ. "నాలుగు నుంచి."

ఆవిడ చెయ్యి ఆగింది. ఆయనకేసి అలాగే చూస్తూ నిలబడింది. ఆయన కాసేపు గోడమీది గడియారాలు చూశాడు, తర్వాత భార్యని చూశాడు.

"నాలుగు గంటల నుంచి," అన్నాడు.