పిండి గదిలో కపాలం

అసురసంధ్య...!

పడమటి దిక్కు రక్తారుణమై ఒక్క క్షణం వెలిగి, మరుక్షణమే కాలమేఘాల గర్భంలో కలిసిపోయింది. దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది. పూర్తిగా చీకటైనా పడకముందే ఒక గుడ్లగూబ ఆ ఇంటి పిట్టగోడ మీద వాలి, కిటికీలోంచి లోపలికే చూడసాగింది. ఇలాంటి వేళలో ఎవరైనా ఇల్లు కొలిపిస్తారా అంటారేమో... విలువ కట్టే ఇంజినీరుగారికి మరో తీరిక దొరకలేదు మరి! ఆయన సుద్దముక్కా, చిన్న సుత్తీ పట్టుకుని గదిగదీ తిరుగుతున్నాడు. ఇంటి పెద్దమ్మాయి టార్చిలైటు చూపిస్తోంది. చిన్నమ్మాయి టేపు కొస పట్టుకుంది.

ఆ ఇల్లు వాళ్లమ్మది. రొట్టెల బట్టీ నడిపి, మోచేతుల దాకా కాలిన మచ్చలు మిగుల్చుకుని, ఇటుక ఇటుకగా కట్టుకున్న ఇల్లు. చలికాలంలో ఒకనాడు ఉన్నట్టుండి రక్తం కక్కుకుని పోయింది ఆ మహాతల్లి. ఇల్లు అమ్మేసి కూతుళ్లిద్దరూ చెరిసగం తీసుకోవాలనీ, ఆ పనులన్నీ పెద్దది చూడాలనీ వీలునామా రాసిపెట్టింది. ఆ వీలునామా చెల్లుతుందని కోర్టు ఉత్తర్వు ఇవ్వాలి, దాన్నే ప్రొబేట్ అంటారు. దానికి ముందు విలువ కట్టించాలట. పక్క వీధి డాక్టరమ్మ ఇల్లు కొంటానని మాట కూడా ఇచ్చింది. అంతా సాఫీగా సాగిపోతోందనుకుంది పెద్దమ్మాయి, పిచ్చిది!

వెనకవైపు పిండి గదిలో, ఒకప్పుడు మైదా బస్తాలు పేర్చిన చోట ఇంజినీరు ఆగిపోయాడు.

"ఈ బండ కింద బోలుగా ఉందేంటమ్మా?" అంటూ సుత్తితో ఠంగుమని కొట్టాడు.

దెబ్బ పడింది బండ మీద... కేక వచ్చింది చిన్నమ్మాయి గొంతులోంచి!

అది ఆడగొంతు కాదు. అసలు మనిషి గొంతే కాదు! టేపు జారిపోయింది. కళ్లు తేలిపోయి తెల్లగుడ్లు మాత్రం మిగిలాయి. చిన్నపిల్లలకు ఈత నేర్పుకునే ఆ సుకుమారి ఒక్క అంగలో ఇంజినీరు మీదికి దూకి, సుత్తి పట్టుకున్న మణికట్టును పట్టి మెలితిప్పింది. ఫటేల్మని ఎముక విరిగింది! ఆయన్ని అమాంతం ఎత్తి గోడకేసి కొట్టింది. గోడ మీద నెత్తురు చారలు కట్టింది.

"నా తల... నా తల జోలికొస్తే... నమిలి ఉమ్మేస్తా...!"

ఇంజినీరు విరిగిన చెయ్యి గుండెలకి హత్తుకుని, చెప్పులూ సంచీ వదిలేసి, వానలో పడి పరుగో పరుగు! పెద్దమ్మాయి చెల్లెల్ని వాటేసుకుంది. చెల్లెలు ఆమె భుజాన్ని కొరికి కండ ఊడబీకింది. అయినా వదల్లేదు అక్క. ఏడుస్తూనే, నెత్తురోడుతూనే, చీరలతో చెల్లెల్ని మంచానికి కట్టేసింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో పగలూ రాత్రీ నరకమే. సూది మందులిచ్చినా తగ్గలేదు. చూడవచ్చిన పెద్ద డాక్టరు చెవి తెగి వెళ్లాడు. చిన్నమ్మాయి మెతుకు ముట్టదు, రోజురోజుకీ ఊపిరి సన్నగిల్లిపోతోంది. కళ్లజోళ్ల దుకాణంలో సెలవు పెట్టేసి పెద్దమ్మాయి మంచం పక్కనే కూర్చుంది. దీని ప్రాణం దక్కితే చాలు, నాకింకేమీ వద్దు అని వెక్కివెక్కి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడు ఊడిపడ్డాడు మేనమామ!

ఆయనగారి చరిత్ర కూడా చెప్పుకోవాలి. ఏ పనీ చేతకాని రోజుల్లో అక్క నీడన చేరి, ఆ పిండి గదిలోనే మకాం పెట్టాడు. ఒకరోజు అక్క తలుపు తోసి చూస్తే, పిండిలో నెత్తుటి ముగ్గేసుకుని నగ్నంగా కూర్చుని ఉన్నాడు. మెడపట్టి వీధిలోకి గెంటింది. మళ్లీ గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు మొహం నిండా బూడిద, మెడలో ఎముకల దండ, చంకలో నల్ల గొడుగు!

మంచం మీది పిల్లని చూసి జాలిపడలేదు సరికదా, ముసిముసిగా నవ్వాడు.

"ఆ పిశాచాన్ని పంపింది నేనేనే కోడలా! దాని కపాలాన్ని ఆ బండ కింద పాతింది నేనే. నా బలమంతా దాంట్లోనే ఉంది. ఇంటి యజమాని ఇష్టపడి ఇస్తే తప్ప దాన్ని పైకి తీసే వీల్లేదు. మీ అమ్మనీ అడిగాను. ఛీ పొమ్మంది. ఏం జరిగింది? రక్తం కక్కుకుంది!"

పెద్దమ్మాయి చెవుల్లో సీసం పోసినట్టయింది. అమ్మని చంపింది వీడా! పీక నులిమేద్దామని లేచింది... మంచం మీద చెల్లెలు గిలగిలా కొట్టుకుంది. పెద్దమ్మాయి ఆగిపోయింది.

"ఇల్లు నాకు ధారపొయ్యి. రేపు అమావాస్య. రేపటి సంధ్య దాటితే దీని ఊపిరి ఆగిపోతుంది. ఆ తర్వాత నీ ఇష్టం!"

ఇల్లుదేముంది, చెల్లెలు బతికితే మళ్లీ కట్టుకోవచ్చు! వెంటనే లాయరుకి ఫోన్ చేసి, ఇల్లు మావయ్యకి రాసిచ్చేస్తానంది.

"ఎలా ఇస్తారమ్మా?" అన్నాడు లాయరు విసుగ్గా. "ప్రొబేట్ ఇంకా రాలేదు కదా! వచ్చేదాకా ఆ ఇల్లు మీ అమ్మగారిదే. మీరు చూసుకునే మనిషి, అంతే!"

ఆ మాటే మేనమామకి చెప్పింది. కాళ్ల మీద పడి చెప్పింది. చెంప ఛెళ్లుమంది!

"నాకు చట్టాలు నేర్పుతావటే? వీలునామాలో నీ పేరుంది. మీ అమ్మ కట్టెల్లో కాలిపోయింది. ఇక యజమాని నువ్వు కాక ఎవతె?"

మర్నాడు అసురసంధ్య...!

ప్రళయఝంఝామారుతం తలుపుల్ని టపటపా బాదుతోంది. గబ్బిలాలు కిటికీ ఊచలకు గుద్దుకుని రాలిపోతున్నాయి. పిండి గదిలో కరెంటు లేదు, నూనె దీపం ఒక్కటే. మేనమామ గడ్డపారతో బండ పెకలించాడు. కింద గుంటలో... పళ్లికిలించిన నరకపాలం! దాని కంటి గుంటల్లో పచ్చటి జ్వాలలు!

చిన్నమ్మాయిని ఈడ్చుకొచ్చి కపాలం పక్కన పడేశాడు. పెద్దమ్మాయి జుట్టు పట్టి మోకాళ్ల మీద కూలదోసి, అరచేతిని కత్తితో అడ్డంగా చీరాడు. వెచ్చటి నెత్తురు కపాలం నడినెత్తి మీద చిమ్మింది.

"ఇచ్చానని చెప్పు!"

"ఇచ్చాను... ఇచ్చాను మావయ్యా... దాన్ని వదిలెయ్...!"

"వదలడమా?" వికటాట్టహాసం చేశాడు మాంత్రికుడు. "ముందు నీ ప్రాణం కపాలానికి! తర్వాత దాని ప్రాణం! ఇక ఈ ఇంటి మీద అడిగే నోరే ఉండదు!"

రెండు చేతులూ పైకెత్తి, యజమాని ప్రాణాన్ని కపాలంలోకి లాగే ఆవాహన గది దద్దరిల్లేలా మొదలెట్టాడు.

"ఓ గృహస్వామినీ! ఈ ఇంటికి హక్కుదారువైనదానా! ఎవతెవైనా, ఎక్కడున్నా, నీ సమస్త శక్తితో రా! వచ్చి నా ఎదుట నిలబడు...!"

పెద్దమ్మాయి కళ్లు గట్టిగా మూసుకుంది. ఇదిగో పోతుంది ప్రాణం... ఇప్పుడే పోతుంది...

పోలేదే! గుండె నిక్షేపంగా కొట్టుకుంటోంది.

దీపం ఆరింది. గాలి ఆగింది. నెలల తరబడి చల్లారిన బట్టీ గోడ అవతల భగ్గుమని రాజుకుంది! కమ్మటి రొట్టె వాసన గదంతా కమ్మేసింది. కణకణలాడే ఎర్రటి వెలుగులో... మోచేతుల దాకా కాలిన మచ్చలతో... ఒక స్త్రీమూర్తి!

లాయరు మాట అప్పుడు తట్టింది పెద్దమ్మాయికి. వచ్చేదాకా అది మీ అమ్మగారిదే! యజమానిని రమ్మని పిలిచాడు, సమస్త శక్తితో రమ్మన్నాడు. పిలిచింది ఎవరినో ఆ మూర్ఖుడికే తెలియదు!

"అ... అక్కా..." మాంత్రికుడి గొంతు పిల్లికూతయింది. "కపాలమా, లే! దీన్ని పట్టు!"

కపాలంలోంచి కరాళ ధూమం లేచింది. ఆమె దానివంక చూడను కూడా చూడలేదు. పాదం మోపింది. పెంకులు పెంకులైపోయింది నరకపాలం! పిశాచం చిన్నమ్మాయి నోట్లోంచి ఊడిపడి, ఆర్తనాదం చేస్తూ కిటికీలోంచి పారిపోయింది. ఇంటి యజమాని పొమ్మంటే ఉండటానికి దానికేం హక్కుంది!

"నన్ను చంపావు, పోనీలే అనుకున్నాను," అంది ఆమె. "నా పిల్లల జోలికొస్తావట్రా?"

వాడు కత్తి విసిరాడు. అది ఆమెలోంచి దూసుకెళ్లి గోడకి గుచ్చుకుంది. ఆమె చేతులు వాడి భుజాల్లోకి దిగాయి. మడిచింది! వెన్నెముక పెళపెళా విరిగింది. ఒత్తింది! పక్కటెముకలు పొడుచుకొచ్చాయి. మళ్లీ మడిచింది, మళ్లీ ఒత్తింది. జన్మంతా పిండి పిసికిన చేతులవి, అలుపెరగని చేతులు! "అక్కా, తప్పయిపోయిందే... అక్కా..." అన్న అరుపు గురగురలో కలిసిపోయింది. చివరికి ఆ ముద్దని ఎత్తి, గోడలోంచే బట్టీలోకి విసిరేసింది. ఒక్క గావుకేక... ఆపైన కొవ్వు చిటపటలు. మిగిలింది పిడికెడు బూడిద!

పెద్దమ్మాయి చెల్లెలి మీద పడింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి లేదు!

"అమ్మా! ఇది పలకట్లేదే! ఏదో ఒకటి చెయ్యవే!"

తల్లి వంగింది. రోజూ నిప్పు రాజేయడానికి ఊదే పెదవులు కూతురి నోటికానించి ఊదింది. మళ్లీ ఊదింది. చిన్నమ్మాయి ఒక్కసారిగా దగ్గి, గుండెలనిండా గాలి పీల్చింది.

"అక్కా... ఆకలేస్తోందే..."

ఇద్దరూ కావలించుకుని బావురుమన్నారు. పెద్దమ్మాయి తలెత్తేసరికి ఎర్రటి వెలుగు సన్నబడుతోంది.

"వెళ్లకమ్మా! ఇల్లు అమ్మనులే. నువ్విక్కడే ఉండిపో!"

"నోర్ముయ్!" బతికున్నప్పుడు ఎలా కసిరేదో అలాగే కసిరింది తల్లి. "మీకోసం కట్టానే, దయ్యమై కాపలా కాయడానికి కాదు. మంచి బేరం వస్తే అమ్మెయ్. చెల్లెల్ని చూసుకో."

బట్టీ చల్లారిపోయింది.

వానలు వెనకబట్టాక ప్రొబేట్ వచ్చింది. రిజిస్ట్రేషన్ అయ్యాక తాళాలు అందుకుంటూ డాక్టరమ్మ పెద్దమ్మాయిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించింది.

"ఏమీ అనుకోకమ్మా. డబ్బు కట్టేశాననుకో, అయినా అడుగుతున్నాను. ఇంట్లో గాలీ ధూళీ లాంటివేమైనా...?"

"ఉండేదండీ," అంది పెద్దమ్మాయి. "మా అమ్మ చూసుకుంది."