మావయ్య పెట్టిన ట్రెబుల్

ముందుగదిలో కొత్త స్పీకర్లు మొదలవగానే వంటింట్లో గురమ్మ గరిట పక్కన పడేసి రెండు చెవులూ మూసుకుంది.

“ఓలమ్మో, మొదలైపోనాది. పుల్ల సింతకాయ కొరికినట్టు పళ్ళు పులిసిపోతన్నాయే గౌరీ!”

గౌరి నవ్వు ఆపుకుని కాఫీ వడకట్టింది. అత్తగారి మాటలో అబద్ధమేమీ లేదు. వస్తున్నది వీణ కచేరీ. వాయించేదెవరో గానీ హాయిగానే వాయిస్తున్నారు. కానీ తీగ మీటినప్పుడల్లా రేకు మీద మేకుతో గీసినట్టు సన్నటి కీచు ఒకటి తిన్నగా కణతల్లోకి దిగుతోంది. వారం తిరక్కుండానే గురమ్మ తలనొప్పి మాత్రలు డబ్బాలో నిండుకున్నాయి.

బొబ్బిలిలో వాళ్ళది తరతరాలుగా వీణలు చేసే ఇల్లు. పనస దుంగను తొలిచి చెక్కే పని గౌరి భర్త దేవేంద్రది. చెక్కిన వీణ మీద మైనం పరిచి, అందులో ఇత్తడి మెట్లు నిలబెట్టి, ఒక్కో మెట్టుకీ స్వరం కుదిర్చే పని మామగారు జగన్నాధానిది. దాన్నే మేళం కట్టడం అంటారు. చెక్కడం ఎవరికైనా నేర్పొచ్చు, మేళం మాత్రం చెవి ఉన్నవాడికే. జగన్నాధం చెవి గురించి విజయనగరం సంగీతం వాళ్ళ దగ్గర కూడా గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందని అనొచ్చు, దేవేంద్ర బద్ధకస్తుడని అనొచ్చు, గురమ్మ గురక పెడుతుందని కూడా, కాస్త దూరంగా నిలబడి, అనొచ్చు. జగన్నాధం చెవిది తప్పని మాత్రం ఎవరూ అనరు. అనొచ్చన్న ఆలోచనే ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

పాత టేప్ రికార్డరు మూలపడ్డాక, నాన్న పనిచేసుకుంటూ కచేరీలు వింటాడు కదా అని దేవేంద్ర ముచ్చటపడి ఈ స్టీరియో తెచ్చాడు. పొడుగాటి స్పీకర్లు రెండు, మధ్యన ఆంప్లిఫయరు. బిగించిన రోజున జగన్నాధం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, “సన్నం స్వరం పైకి లెగట్లేదురా” అంటూ సన్నటి స్వరాల్ని పెంచే ట్రెబుల్ మర స్వయంగా తిప్పాడు. అది ఇంక తిరగనంతవరకూ తిప్పి, “ఆఁ, ఇప్పుడు తేటపడినాది” అన్నాడు. ఆయన పెట్టాడు గనక అది సరిగ్గానే ఉంది. సరిగ్గా ఉన్నదానికి చెవులెందుకు కోసుకుపోతున్నాయంటే, స్పీకర్లే మంచివి కావు. ఇంట్లో అందరూ అలాగే తీర్మానించుకున్నారు.

దేవేంద్ర దుకాణం వాడికి ఫోన్ చేశాడు. కింద నున్నటి పలకలూ చుట్టూ ఉత్త గోడలూ ఉంటే గోల అలాగే ఉంటుంది, గుడ్డలేవైనా వెయ్యండి అన్నాడు వాడు. దేవేంద్ర నేల మీద జంపకానా పరిచాడు. గోడకి బొంత వేలాడదీశాడు. స్పీకర్లను మూల నుంచి ముందుకి లాగాడు, వాటి మొహాలు కొంచెం పక్కకి తిప్పాడు, ఆఖరికి వైర్లు కూడా మార్చాడు. ముందుగది బట్టల కొట్టులా తయారైంది గానీ కీచు పోలేదు.

“బావా, ఆ మర కొంచెం తగ్గించి సూడరాదా?” అంది గౌరి.

“నాన్న పెట్టినాడు కదే.”

“పెడితే?”

“పెడితే ఏటి? నాన్న పెట్టినాడంటన్నాను.”

దానికి మించి అతని దగ్గర జవాబు లేదు. అతని దృష్టిలో అది జవాబే.

జగన్నాధం మైనం కొనడానికి బజారుకి వెళ్ళిన పొద్దున గౌరి ఇంక ఉండబట్టలేక ముందుగదిలోకి వెళ్ళి మర తగ్గించేసింది. అంతే, పాట ఒక్కసారిగా నెమ్మదించింది. తీగ తీగలా పలికింది. గురమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

“ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఏటి సేసినావే? ఎంత సల్లగున్నాదే!”

ఉలి పట్టుకునే వచ్చాడు దేవేంద్ర. ముగ్గురూ అక్కడే కూలబడి విన్నారు. స్పీకర్లు కొన్నాక వాళ్ళు పాట వినడం అదే మొదలు.

అంతలో జగన్నాధం వచ్చాడు. చెప్పులు విడుస్తూనే మొహం చిట్లించాడు.

“ఎవడ్రా దీన్ని ముట్టుకున్నాడు? మూతికి గుడ్డ కట్టుకుని పాడినట్టున్నాది!”

“నానే మావయ్యా,” అంది గౌరి లేచి నిలబడి. “కొంచెం కీచుగా ఉన్నాదని...”

జగన్నాధానికి కోపం రాలేదు. నవ్వొచ్చింది. “కీసా? నాకినపడని కీసు నీకెక్కడినుంచి ఇనపడిందే పిల్లా?” అంటూ స్పీకరు దగ్గరికి వెళ్ళి, చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టి వంగి విన్నాడు. నొసలు ముడిపడింది. మర మళ్ళీ ఆఖరిదాకా తిప్పాడు. “అద్గదీ” అన్నాడు. గురమ్మ చెవులు మూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది, దేవేంద్ర ఉలితో సహా పెరట్లోకి పోయాడు.

గౌరి మాత్రం అక్కడే నిలబడింది. చెవి వెనక ఉన్న ఆ చేతినే చూస్తోంది. చెవుడొచ్చాక తన తాతకి ఆ అలవాటు ఉండేది.

ఆ సాయంత్రం టీ పట్టుకుని పనిగదిలోకి వెళ్ళింది. బీరువా వెనక కీచురాయి ఒకటి గదంతా దద్దరిల్లేలా అరుస్తోంది. జగన్నాధం ప్రశాంతంగా మైనం నలుపుతున్నాడు.

“ఎలా భరిస్తన్నారు మావయ్యా ఈ గోల?”

“ఏ గోలే?”

గౌరి ఏమీ లేదని టీ అక్కడ పెట్టి వచ్చేసింది. ఇంక అనుమానం లేదు. ఎవరితో చెప్పాలి? దేవేంద్రతో చెబితే నమ్మడు. నమ్మితే ఇంకా కష్టం. ఆయనకి చెవి పోతోందంటే పని పోయినట్టు, పని పోతే మనిషి పోయినట్టు. అలాగని ఊరుకుంటే, తప్పున్న వీణ ఏదో ఒకటి ఆ ఇంటి పేరు మీద బయటికి పోతుంది. పుట్టింటికి ఫోన్ చేసి అమ్మతో అందామా అనుకుని, అదీ మానేసింది. ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

మర్నాడే విజయనగరం నుంచి రాజకుమారి వచ్చింది. సంగీతం టీచరు. దసరా కచేరీకి కొత్త వీణ కావాలని చేయించుకుంది. చాప మీద కూర్చుని, వేళ్ళకి మీటు తొడుక్కుని వాయించడం మొదలుపెట్టింది. కింది స్వరాలు తేనెలా ఉన్నాయి. ఆవిడ మొహం వెలిగింది. పై స్థాయికి వెళ్ళేసరికి వేలు ఆగింది. మళ్ళీ వాయించింది. మళ్ళీ ఆగింది.

“జగన్నాధం గారూ, స్వరం దివ్యంగా ఉందండీ. కానీ ఇక్కడ పైన సన్నగా జిర్రుమంటోంది. తీగ పక్క మెట్టుకి తగులుతున్నట్టుంది.”

“జిర్రేటమ్మా? ఏదీ, మళ్ళీ వాయించండి.” ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. “ఏటీ నేదు. మీ మీటు తేడా అయ్యుంటాది.”

ఆవిడ మీటు తీసేసి గోరుతో వాయించింది. అయినా జిర్రుమంది. గుమ్మం దగ్గరున్న గౌరికి స్పష్టంగా వినపడింది.

“వస్తోందండీ,” అంది రాజకుమారి కొంచెం మొహమాటంగా.

జగన్నాధం మొహం ఎర్రబడింది. “నాకినపడనిది మీకెలాగినపడతాదమ్మా? మా తాత కట్టినాడు మేళం, మా నాన్న కట్టినాడు, నాను కడతన్నాను. ఒక్క వీణ తిరిగొచ్చినాదా? కావాలంటే మావోళ్ళనడగండి. ఒరే దేవేంద్రా! ఇన్నావు కదా, జిర్రుమన్నాదేట్రా?”

దేవేంద్ర నేల చూశాడు. “నేదు నాన్నా” అన్నాడు.

“ఏమే?”

గురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

“గౌరీ, నువ్వు సెప్పు.”

గౌరికి ఔనంటే ఏమవుతుందో తెలుసు. కాదనడానికి ఒక్క మాట చాలు. మామగారు ఎంత ధీమాగా అడిగాడంటే, ఆ ధీమా చూసి ఆమెకి ఏడుపొచ్చింది.

“జిర్రుమన్నాది మావయ్యా. పైన మెట్ల కాడ.”

రాజకుమారి మీటు సంచిలో పెట్టుకుని లేచింది. “వీణ ఇక్కడే ఉంచుతానండీ. మీరు తీరిగ్గా చూడండి,” అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. జగన్నాధం కోడలి వైపు చూడనైనా చూడకుండా పనిగదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

దేవేంద్ర గౌరిని వంటింట్లోకి లాక్కొచ్చినంత పని చేశాడు. “పరాయిదాని ముందర నాన్న పరువు తీసీసినావు కదే!”

“నువ్వు ఇన్నావా నేదా?”

“ఇన్నాను.”

“మరి నేదన్నావేటి?”

“ఏటనమంటావే? నీకు సెవి పాడైపోనాది నాన్నా, అనమంటావా?”

“ఆ వీణ అలగే పట్టుకెల్లి ఆయమ్మ కచేరీ సేస్తే నలుగురిలో ఎవరి పరువు పోతాది బావా? అప్పుడు మావయ్యకి మన మొకం ఎలాగ సూపిస్తాం?”

పొయ్యి పక్కన కూర్చున్న గురమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. “నాను పిలిస్తే పలకట్లేదని మొన్నటిసంది మూతి ముడుసుకుని కూకున్నానే. పొగరనుకున్నాను, పాపిష్టిదాన్ని.”

మధ్యాహ్నం అన్నానికి జగన్నాధం రాలేదు. కంచం పెట్టి పిలిచినా తలుపు తియ్యలేదు. ఎండ దిగుతుండగా తలుపు తెరుచుకుంది. ఆయన తిన్నగా ముందుగదిలోకి వచ్చి స్పీకర్ల ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు.

“గౌరీ, ఇలా రాయే.”

ఆమె వెళ్ళింది. వెనకాలే మిగతా ఇద్దరూ.

“పాట పెట్టు. నాను కళ్ళు మూసుకుంటాను. నువ్వా మర తిప్పు. ఎటు తిప్పుతన్నావో నాకు సెప్పకు.”

గౌరి పాట పెట్టింది. మర తగ్గించింది. ఆయన ఏమీ అనలేదు. మెల్లిగా పెంచింది. ఏమీ అనలేదు. ఇంకా పెంచింది. ఆ కీచు మళ్ళీ మొదలైంది, సూదులు గుచ్చినట్టు. గురమ్మ చెవులు మూసుకుంది. దేవేంద్ర పళ్ళు బిగబట్టాడు.

“ఇప్పుడు కొంచెం మారినట్టున్నాది,” అంటూ జగన్నాధం కళ్ళు తెరిచాడు. తెరిచి వాళ్ళ మొహాలు చూశాడు. ఒకరి తర్వాత ఒకరిని, నెమ్మదిగా.

“మీకింతలాగ ఉన్నాదేటి?”

దేవేంద్ర తల ఊపాడు.

“ఇన్నాళ్ళూ ఇలాగే ఇంటన్నారా? మరి ఒక్కరూ సెప్పనేదే!”

“నువ్వు పెట్టినావు కదా,” అంది గురమ్మ.

జగన్నాధం చెయ్యి చాచి స్టీరియో ఆపేశాడు. కాసేపు తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత ఆయన భుజాలు కదిలాయి. ఆ మనిషి ఏడవడం గౌరి ఎప్పుడూ చూడలేదు.

“లోపలికెల్లి ఆ వీణ మళ్ళీ మళ్ళీ వాయించుకున్నానమ్మా. నాకేటీ ఇనపడనేదు. నువ్వు అబద్ధమాడవు. అంటే నాకే పోనాది. ఇది పోతే నానేటి? దేనికి పనికొస్తాను?”

గౌరి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆమెకీ కన్నీళ్ళు ఆగడం లేదు.

“స్వరం ఎక్కడికీ పోనేదు మావయ్యా. టీచరుగారు దివ్యంగున్నాదన్నారా నేదా? అందులో తప్పు పట్టనేదు. ఈ సన్నం జిర్రే మీకందట్లేదు. అది నానింటాను. మీరు కట్టండి, నాను పక్కన కూకుని సెప్తాను.”

జగన్నాధం తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచాడు. “దేవేంద్రా, కుంపటి ముట్టించు” అన్నాడు.

పనిగదిలో గౌరి వీణ పక్కన కూర్చుంది. ఆయన మీటాడు. ఆమె చెప్పింది, ఇక్కడ కాదు మావయ్యా, దీని తర్వాతది. ఆయన మైనం వేడిచేసి మెట్టును వెంట్రుకవాసి ఎత్తి మళ్ళీ మీటాడు. తగ్గింది గానీ పోలేదంది. ఇంకొంచెం ఎత్తాడు. మొదట్లో ఆయన చేతులు తడబడ్డాయి. పోనుపోను ఆమె మొహం చూస్తూ మీటడం మొదలుపెట్టాడు. ఆమె నొసలు ముడిపడితే ఎత్తాడు, విప్పారితే పక్క మెట్టుకి వెళ్ళాడు. స్వరం తప్పిందేమోనని ఆమె ఒకచోట అడిగితే, “నేదు, అది నాకినపడతన్నాది” అన్నాడు. అంటూ చిన్నగా నవ్వాడు కూడా.

పని అయ్యాక దేవేంద్ర ఫోన్ తీశాడు. “టీచరుగారికి నాను సెప్తాన్లే నాన్నా. మైనం మెత్తబడి మెట్టు జారినాదని సెప్తాను.”

“ఇలాగియ్యి,” అని జగన్నాధం ఫోన్ తీసుకున్నాడు. గురమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

“రాజకుమారమ్మా, నాను బొబ్బిలి జగన్నాధాన్నమ్మా. మీరన్నదే నిజం. జిర్రుమన్నాది.” ఆయన కోడలి వైపు చూశాడు. “నాకినపడనేదమ్మా. మా కోడలికినపడ్డాది. ఇద్దరం కూకుని సరిసేసినాం. ఒచ్చి సూసుకోండి.”

అవతల ఆవిడ ఏదో అంది. ఆయన చెవికి ఫోన్ మరింత దగ్గరగా పెట్టుకుని విన్నాడు. అంతా అందలేదు కాబోలు, మొహమాటం లేకుండా ఫోన్ గౌరి చేతికిచ్చాడు.

“ఏటంటన్నాదో ఇని సెప్పమ్మా.”