జిగురులో కలపని మైలతుత్తం

ఆ గ్రంథాలయంలో పుస్తకాలు బైండు చేసే ఆయన్ని అందరూ జిగురాయన అనేవారు. ఆ పేరు పెట్టింది ఆయన భార్యే. "పట్టుకుంటే వదలడు మహానుభావుడు!" అని నవ్వేది. పదేళ్ల కిందట జబ్బు చేసి పోయింది. పోయే ముందు పదేళ్ల కూతురికి ఓ నోటుబుక్కు నిండా ఉత్తరాలు రాసి, "దానికి ఇరవై నిండాక ఇవ్వండి" అంది.

ఆయన దాన్ని తనే కుట్టి, అట్ట వేసి, నేలమాళిగలోని బైండింగు గదిలో, బీరువాలో పెట్టి తాళం వేశాడు. బైండింగు జిగురంటే మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం కలుపుతారు. ఆ ఒక్క పుస్తకానికి మాత్రం ఆయన కలపలేదు. ఎప్పుడో అలాంటి వేడి జిగురు చిమ్మి ఆవిడ బొటనవేలి మీద నెలవంకలా మచ్చ పడింది. ఆవిడ చేతిరాతకి మళ్లీ ఆ విషం ముట్టించబుద్ధి కాలేదు.

వెండిపురుగు సంగతి తెలిసిందే కదా. రెక్కల్లేవు, వెలుగు గిట్టదు, తోక చివర మూడు పోగులు. మనిషి పుట్టకముందు నుంచీ ఉన్న జాతి. గంజి వాసన తగిలితే చాలు, చేపలా జారుకుంటూ వస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల అచ్చం తల్లి పోలికే, సైజే చిన్నది. తక్కిన పురుగులు పెద్దవయ్యాక కుబుసం విడవడం మానేస్తాయి. ఇది చచ్చేదాకా విడుస్తూనే ఉంటుంది.

కూతురికి ఇరవై నిండిన రోజు మధ్యాహ్నం ఇద్దరూ గ్రంథాలయానికి వచ్చారు.

"నువ్వు పైనే ఉండమ్మా, దుమ్ము పడదు నీకు."

"పదేళ్లు ఆగాను నాన్నా! తొందరగా తీసుకురా."

ఆయన కిందికి దిగి బీరువా తెరవగానే పులిసిన గంజి వాసన. నోటుబుక్కు తిప్పాడు. కాగితం ఉల్లిపొరలా అరిగిపోయింది. ఒక్క అక్షరం లేదు. మరో పేజీ... అదీ అంతే.

దీపం ఆరిపోయింది.

చీకట్లో ఏదో కదులుతోంది. కాగితం మీద కాగితం రుద్దినట్టు... మెల్లగా. అంతలో ఓ చెయ్యి ఆయన చేతిని పట్టుకుంది. చల్లగా ఉంది, పొడిపొడిగా జారుతోంది.

"వద్దంటే వచ్చావా తల్లీ..." అని గొణిగాడు. "అమ్మ రాసినవన్నీ పోయాయమ్మా. తప్పు నాదే. విషం కలపలేకపోయాను."

ఆ చెయ్యి ఓదార్చినట్టు గట్టిగా నొక్కింది.

"నాన్నా!" మెట్ల పైనుంచి కూతురి గొంతు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

కరెంటు వచ్చి దీపం వెలిగింది. గదిలో ఎవరూ లేరు. ఆయన గుప్పిట్లో మాత్రం ఓ పొర ఉంది. పలచగా, వెండి పొడి రాలుతూ... అయిదు వేళ్లు. బొటనవేలి మీద నెలవంక.

బీరువా అడుక్కి చూశాడు. అలాంటివే... ఒకదాని మీద ఒకటి, ఒక్కోటీ ఒక్కో సైజు. అన్నిటికన్నా కిందది పసిగుడ్డు చెయ్యంత ఉంది. దాన్ని వెలుగుకి పట్టాడు.

దాని బొటనవేలి మీదా ఉంది నెలవంక.