మిమోసాలో పది నిమిషాలు

ఇటలీకి మొదటిసారి వచ్చేవాళ్లు ఏ ఊళ్లో ఏ హోటల్లో దిగాలో చెప్పడం నా ఉద్యోగం. రోమ్‌లో మాదొక చిన్న ట్రావెల్ ఆఫీసు. ఫొటోలు చూసి హోటల్ మంచిదని చెప్పే అలవాటు నాకు లేదు. స్వయంగా వెళతాను. తలుపేసి, కిటికీ చెక్కలు మూసి, మంచం మీద పది నిమిషాలు పడుకుంటాను. పక్కగదిలో దగ్గితే వినిపిస్తుందా, గోడలు చెమ్మ వాసన వేస్తున్నాయా, పరుపు గుంట పడిందా... ఆ పది నిమిషాల్లో గది తన గుట్టంతా విప్పేస్తుంది.

ఆ ఏడాది జూలైలో అర్జెంటీనా నుంచి పదకొండు మంది రిటైరైన టీచర్లు వస్తున్నారు, తాతల దేశం చూడాలని. ఫ్లోరెన్స్‌లో, వెనిస్‌లో హోటళ్లు కుదిరాయి. నేపుల్స్ ఒక్కటే మిగిలింది.

మిమోసా అన్న ఆ హోటల్ ఒక పాత మేడలో నాలుగో అంతస్తు. నేను మెట్లెక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. సందులో పిల్లి కూడా లేదు. అందరూ భోంచేసి, కిటికీలు బిగించుకుని పడుకున్నారు. వేపిన వంకాయల వాసన మాత్రం మెట్ల మీద ఇంకా వేలాడుతోంది.

బల్ల దగ్గర ముసలాయన ఒక్కడే ఉన్నాడు. అనియెల్లో ఆయన పేరు. హోటల్ ఆయనదే.

"గది ఇప్పుడు కాదమ్మా, నాలుగు కొట్టాక చూద్దురుగాని," అన్నాడు. "ఇది కొంత్రోరా. ఈ వేళప్పుడు మనుషులు పడుకోవాలి. కనబడకుండా తిరిగేవాళ్లని తిరగనివ్వాలి."

మా నాన్నమ్మ కూడా అలాగే అనేది, మిట్టమధ్యాహ్నం ఊరు మనది కాదని. నవ్వాను.

"నాలుగున్నరకి నా రైలు, దొన్ అనియెల్లో."

"రోమ్ వాళ్లకి అంతా తొందరే. అందుకే మీ కాఫీ అలా ఏడుస్తుంది," అంటూ తాళంచెవి తీశాడు. నవ్వుతూనే ఇచ్చాడు గానీ చెయ్యి వెంటనే వదల్లేదు. "చూడండి. కానీ మంచం మీద నడుం వాల్చకండి."

గది తొమ్మిదో నంబరు, వసారా చివర. తాళంచెవి బయట తలుపుకే ఉంచేసి లోపలికెళ్లాను. శుభ్రమైన గది. తెల్లటి దుప్పటి, ఎత్తైన కప్పు, పొడవాటి కిటికీ. చెక్కలు మూశాను. సన్నటి ఎండగీతలు నేల మీద పడ్డాయి. ముసలాయన మాట గుర్తుంది. అయినా పరుపు చూడకుండా పదకొండు మంది పెద్దవాళ్లని ఎలా పంపిస్తాను? సంచీ కుర్చీలో పెట్టి, చెప్పులు విడిచి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

పరుపు బాగుంది. చప్పుడు లేదు. ఎక్కడో చెంచా కప్పుకి తగిలి ఆగిపోయింది. ఎండిన నారింజ తొక్కల వాసన... దాని అడుగున ఇంకేదో. చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన.

అప్పుడు నా వెనక పరుపు కుంగింది.

మెల్లగా. ఎవరో ముందు కూర్చుని, తర్వాత కాళ్లు చాపుకుని పడుకున్నట్టు. దుప్పటి నా వీపు మీద బిగుసుకుంది. ఊపిరి మెడకి తగల్లేదు. ఊపిరే లేదు.

నేను తిరగలేదు. తిరగలేకపోయాను. ఎండగీతలు గోడ మీదికి పాకడం చూస్తూ ఉన్నాను. ఎంతసేపో తెలీదు.

పరుపు మళ్లీ పైకి లేచింది. నేల మీద అడుగులు... నా చెప్పుల చప్పుడే. సంచీ పట్టీ గలగల. తలుపు తెరుచుకుంది. మూసుకుంది. బయట తాళం తిరిగింది.

ఒక్క ఉదుటున లేచాను. చెప్పులు లేవు. సంచీ లేదు. పక్క దిండు మీద తల పడిన గుంట. ముట్టుకుంటే వెచ్చగా ఉంది.

కిటికీ చెక్కలు తెరుచుకోలేదు. నేను వేసిన గొళ్లెమే, నా చేతికి కదల్లేదు. జేబులో ఫోనుంది, సిగ్నల్ లేదు. మంచం పక్కనున్న గది ఫోను ఎత్తాను.

"ఎవరు?" అనియెల్లో గొంతు గుసగుసగా ఉంది.

"నేనే. తొమ్మిదిలో ఉన్నాను. తలుపు తీయండి."

"తొమ్మిదిలో ఎవరూ లేరు. రోమ్ ఆవిడ ఇప్పుడే దిగి వెళ్లింది. గది చాలా బాగుందంది."

"ఆ రోమ్ ఆవిడని నేనే! ఓర్నెల్లాని!"

ఫోన్లో ఆయన ఏదో ప్రార్థన గొణిగాడు. తర్వాత, ఇంకా తగ్గిన గొంతుతో: "చూడమ్మా. మీ ఇద్దరిలో ఎవరెవరో నాకు తెలీదు. నాలుగు కొట్టేదాకా నేను తీయకూడదు. మీరు కొట్టకండి. అరవకండి. మంచం దగ్గరికి మాత్రం వెళ్లకండి."

తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాను. గది చిన్నదవుతున్నట్టు అనిపించింది. అరిస్తే... ఆ మంచం వింటుంది. ఏడిస్తే వింటుంది. మెడకి చుట్టుకున్న గుడ్డ నోట్లో కుక్కుకున్నాను. ఆ దిండు గుంటనే చూస్తూ ఉన్నాను. అది పూడలేదు.

చర్చి గంటలు నాలుగు కొట్టాయి. తాళం తిరిగింది. అనియెల్లో నా మొహం చూడలేదు. తన భార్య పాత చెప్పులు నేల మీద పెట్టి, చెడు తగలకుండా రెండు వేళ్లు కొమ్ముల్లా చాపి, పక్కకి తప్పుకున్నాడు.

"మీరెవరో నేను అడగను," అన్నాడు. "వెళ్లిపోండి. వెనక్కి చూడకండి."

రైల్లో అమ్మకి ఎనిమిదిసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. నా ఇంటి తాళాలు ఆ సంచీలో ఉన్నాయి. మా ఇంట్లో అమ్మా నేనూ ఇద్దరమే.

ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. ఇంకా పట్టపగల్లాగే ఉంది. గంట నొక్కితే అమ్మే తలుపు తీసింది. నన్ను చూసి మొహం పాలిపోయింది.

"నువ్వు... లోపల పడుకున్నావు కదే," అంది గుసగుసగా. "ఒంట్లో బాగాలేదన్నావు. ఇందాకే దుప్పటి కప్పాను."

నేరుగా వెళ్లి, నా గది తలుపుకి బయటివైపున్న తాళంచెవి తిప్పాను. లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దగ్గరికొచ్చి ఆగాయి.

"ఎవరక్కడ?" అంది నా గొంతు. ఏడుస్తోంది. "తలుపు తీయండి... అమ్మా, ఎవరో నన్ను లోపల పెట్టి తాళం వేశారే!"

అమ్మ తలుపువైపు చూసింది. నావైపు చూసింది.

"తీయకమ్మా," అన్నాను. "నేనే నీ కూతుర్ని."

లోపలి గొంతు తగ్గిపోయింది. ఏడుపు ఆపి, చాలా మెత్తగా, అమ్మని ఏదో పేరు పెట్టి పిలిచింది. చిన్నపిల్లని పిలిచే ముద్దుపేరు లాంటిది.

ఆ పేరు నేనెన్నడూ వినలేదు.

కానీ అమ్మ ఆ పేరు గుర్తుపట్టింది; ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నన్ను పక్కకి నెట్టి, తాళంచెవి మీద చెయ్యి వేసింది.